తుపాకికి లైటు బిగించే ముందు: రాత్రిపూట ఎదుటి మనిషిని గుర్తుపట్టడానికి ఏ లైటు కొనాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుంటూరు ఊరి చివర మీకు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. రాత్రి కాపలాకి ఇద్దరు గార్డులు. వాళ్లలో ఒకాయన మాజీ సైనికుడు, ఆయన లైసెన్సు మీద 12 బోరు డబుల్ బ్యారెల్ ఉంది. సీజన్లో వెనక గోడ వైపు మనుషులు తిరుగుతున్నారు, చీకట్లో ఎవరో ఏంటో తెలియడం లేదు, అందుకని తుపాకికి బిగించే లైటు ఒకటి చెప్పమన్నారు. నెట్‌లో లక్ష ల్యూమెన్లు అని రాసి ఉన్నది పదిహేను వందలకే వస్తోంది, తీసుకోవచ్చా అని కూడా అడిగారు.

నేను పదాతిదళంలో పదిహేడేళ్లు చేసి వచ్చాను. ఆ తర్వాత పన్నెండేళ్లుగా విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల గోడౌన్లకీ కోల్డ్ స్టోరేజీలకీ కాపలా కాసేవాళ్లకి తర్ఫీదు ఇస్తున్నాను. సమాధానం ముందే చెప్పేస్తాను. తుపాకికి లైటు బిగించొద్దు. చేత్తో పట్టుకునే మంచి బ్యాటరీ లైట్లు రెండు కొనండి. ఎందుకంటున్నానో చెప్పాలంటే నేను కళ్లారా చూసిన ఒక రాత్రి గురించి చెప్పాలి.

మార్చి నెల, సీజన్ ముదిరిన రోజులు. ఒక కోల్డ్ స్టోరేజీ బయట రోడ్డు పొడుగునా టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకొచ్చిన ట్రాక్టర్లు, లారీలు వరసగా ఆగి ఉన్నాయి. రాత్రి రెండున్నర అయింది. తనిఖీకి వెళ్లి గార్డు పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన బ్యారెల్ కింద ఓ చవక లైటుని నల్లటి ఇన్సులేషన్ టేపుతో చుట్టేసుకున్నాడు. గోడ వారగా ఎవరో కదిలారు. గార్డు చూడాలనుకున్నాడు. చూడాలంటే లైటు అటు తిప్పాలి, లైటు తిరగాలంటే తుపాకి తిరగాలి. తుపాకి భుజానికెక్కింది. నీలంగా కొట్టే తెల్లటి వెలుగు ఆ మనిషి ముఖాన పడింది. కళ్లు చెదిరి ఎడమ చెయ్యి గబుక్కున ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కుడి చెయ్యి దుప్పటి లోపల ఉంది. గార్డు కంటికి ఆనింది అంతే, ఒక చెయ్యి ఎత్తి రెండో చెయ్యి దాచుకున్న మనిషి. "చేతిలో ఏంటది? బయటికి తియ్!" అని అరిచాడు. ఆ మనిషి దుప్పట్లోంచి నల్లగా ఉన్నదేదో తీయబోయాడు. అడుగు దూరం నుంచి నేను చూస్తుండగానే గార్డు చూపుడు వేలు ట్రిగ్గర్ మీదికి జారింది. బ్యారెల్ పట్టుకుని కిందికి నొక్కేశాను.

దుప్పట్లోంచి వచ్చింది సెల్‌ఫోను. ఆయన వినుకొండ వైపు నుంచి సరుకు తెచ్చిన రైతు. వరస కదలక, ఒంటేలుకని గోడ వారకి వచ్చాడు. పాపం అక్కడే నిలబడి చేతులు జోడించాడు. నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది.

ఆ గార్డు చెడ్డవాడు కాదు, భయస్తుడూ కాదు. పదేళ్లు ఉద్యోగం చేసినవాడు. అక్కడ అతన్ని అంత దూరం తీసుకెళ్లింది ఆ టేపు. మీ గార్డు ఒక రాత్రిలో ముప్పైసార్లు లైటు వేస్తాడు. వేసిన ప్రతిసారీ అవతల ఉండేది హమాలీనో, డ్రైవరో, క్లీనరో, కుక్కో, మీ బంధువో. లైటు తుపాకికి ఉంటే వాళ్లందరి గుండెలకీ గురిపెట్టినట్టే. కాల్చడానికి సిద్ధపడని దేని మీదికీ బ్యారెల్ మూతి తిప్పకూడదని మాకు మొదటి రోజే నేర్పారు. తుపాకి లైటుతో వెతకడం మొదలుపెడితే ఆ నియమం గంటకోసారి తప్పాల్సి వస్తుంది.

చట్టం సంగతి కూడా మీరు యజమానిగా తెలుసుకోవాలి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లలో ఉంటుంది. అవసరానికి మించి హాని చేసే హక్కు ఎవరికీ లేదని 37వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. గోడ దగ్గర తచ్చాడినవాడిదీ, ఒక టిక్కీ ఎత్తుకెళ్లబోయినవాడిదీ ప్రాణం తీసే హక్కు మీ గార్డుకి లేదు. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే 106వ సెక్షన్ కింద కేసు అవుతుంది. ఎదుటి మనిషి ఎవరో తేల్చుకోకుండా వేలు కదిపిన గార్డు రేపు కోర్టులో ఏం చెప్పుకుంటాడు? "నాకు సరిగ్గా కనపడలేదు" అనే కదా. ఆ మాటే అతనికి ఎదురు తిరుగుతుంది.

విదేశాల్లో పోలీసుల పిస్టళ్లకి లైట్లు ఉంటాయి కదా అంటారేమో. ఉంటాయి. ఆ పిస్టళ్లకి బ్యారెల్ కింద లైటు బిగించే గాళ్ల పట్టీ, దాన్నే రైలు అంటారు, ఫ్యాక్టరీలోనే వస్తుంది. అలాంటి లైటు ఉన్న పోలీసు కూడా నడుముకి విడిగా ఇంకో లైటు పెట్టుకుంటాడు. వెతకడానికీ మనిషిని చూడడానికీ చేతి లైటు, ఆయుధం తీయక తప్పనప్పుడు మాత్రమే దాని లైటు అని వాళ్లకి నేర్పుతారు. మన లైసెన్సుల మీద డీబీబీఎల్ అని రాసే డబుల్ బ్యారెల్ తుపాకికి అసలు ఆ రైలు పట్టీయే ఉండదు. టేపు చుట్టాలి, లేదంటే బ్యారెళ్లకి క్లిప్పు బిగించాలి. 12 బోరు వెనక్కి తన్నే తన్నుకి మామూలు లైటు లోపలి స్ప్రింగు కదిలిపోయి, ఒక్కసారి పేలగానే ఆరిపోవడం నేను ఫైరింగ్ రేంజిలో చూశాను.

డబుల్ బ్యారెల్‌కి రెండు చేతులూ కావాలి, మరి లైటు ఎవరు పట్టుకుంటారు? మీకు ఇద్దరు గార్డులు ఉన్నారు కాబట్టి చిక్కు లేదు. తుపాకి లేనాయన లైటు పట్టుకుంటాడు, మాట్లాడేదీ ఆయనే. తుపాకి ఉన్నాయన నాలుగైదు అడుగులు పక్కగా, చీకట్లో, బ్యారెల్ నేలవైపు దించి నిలబడతాడు. లైటు వెనక నిలబడకూడదు. దెబ్బ తీయాలనుకున్నవాడు రాయి విసిరినా ఇంకేం చేసినా వెలుగు వచ్చే చోటికే చేస్తాడు. అందుకే లైటు పట్టుకున్నాయన కూడా దాన్ని గుండెకి ఎదురుగా కాకుండా చెయ్యి పక్కకి చాపి పట్టుకోవాలి. ఒక్కడే ఉన్నప్పుడు తుపాకి స్లింగుతో భుజాన వేలాడాలి, ఎడమ చేతిలో లైటు ఉండాలి, అనుమానం తగిలితే వెనక్కి తగ్గి 112కి ఫోను చేయాలి.

ఇక లైటు ఎంపిక. ఇక్కడే అందరూ మోసపోతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేది ల్యూమెన్లు, అంటే లైటులోంచి వచ్చే మొత్తం వెలుగు. మీకు కావాల్సింది క్యాండెలా, అంటే ఆ వెలుగు ఒకవైపుకి ఎంత గట్టిగా పోతుందో ఆ కొలత. మీ పొలంలో బోరు మోటారు గంటకి ఎన్ని నీళ్లు పోస్తుందో అది ల్యూమెన్. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే ఆ నీళ్లు ఎంత దూరం చిమ్ముతాయో అది క్యాండెలా. నీళ్లు ఎన్ని ఉన్నా మూతి వెడల్పుగా ఉంటే కాళ్ల దగ్గరే పడతాయి.

లెక్క చాలా తేలిక. క్యాండెలాని దూరంతో రెండుసార్లు భాగిస్తే ఆ దూరంలో మనిషి మీద ఎంత వెలుగు పడుతుందో లక్సుల్లో వస్తుంది. 10,000 క్యాండెలా లైటు తీసుకోండి. 50 మీటర్ల దూరానికి 10,000ని 50తో ఒకసారి, మళ్లీ 50తో ఇంకోసారి భాగిస్తే 4 లక్సులు. అదే లైటు 20 మీటర్ల దగ్గర 25 లక్సులు ఇస్తుంది.

డబ్బా మీద "200 మీటర్లు" అని కూడా ఉంటుంది. అది అబద్ధం కాదు, కానీ మీరు అనుకునేదీ కాదు. ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణం ప్రకారం వెలుగు 0.25 లక్సుకి పడిపోయే దూరాన్ని అక్కడ రాస్తారు. 0.25 లక్సు అంటే ఇంచుమించు పున్నమి వెన్నెల. వెన్నెల్లో గట్టు మీద మనిషి ఉన్నాడని తెలుస్తుంది. వాడు ఎవరో, చేతిలో ఉన్నది కర్రో గొడ్డలో తెలియదు. ముఖం పోల్చుకోవాలంటే, చేతిలో వస్తువు ఏంటో తేల్చాలంటే, నా కళ్లకీ నేను పరీక్షించిన గార్డుల కళ్లకీ 10 లక్సులు కావాల్సి వచ్చింది. వయసు యాభై దాటినవాళ్లకి ఇంకా ఎక్కువే. కాబట్టి డబ్బా మీద రాసిన దూరంలో ఆరో వంతుకి మించి నమ్మొద్దని మా వాళ్లకి చెబుతాను.

ల్యూమెన్లకీ క్యాండెలాకీ తేడా ఎంత ఉంటుందో ఒక నిజమైన ఉదాహరణ చెబుతాను. ష్యూర్‌ఫైర్ అనే అమెరికా కంపెనీ పిస్టల్ లైట్లలో ఎక్స్300 అల్ట్రా అని ఒకటి ఉంది, 1,000 ల్యూమెన్లు, 11,300 క్యాండెలా. అదే కంపెనీ ఎక్స్300 టర్బో 650 ల్యూమెన్లే, కానీ 66,000 క్యాండెలా. 50 మీటర్ల దగ్గర మొదటిది నాలుగున్నర లక్సులు ఇస్తే రెండోది 26 లక్సులు ఇస్తుంది. ల్యూమెన్లు తక్కువున్నదే ఆరు రెట్లు వెలుగు వేసింది. ఇవి కొనమని చెప్పడం లేదు, లెక్క అర్థం కావడానికి చెప్పాను.

మీరు చూసిన లక్ష ల్యూమెన్ల లైటు గురించి. మంచి ఎల్ఈడీ కూడా ఒక వాటుకి నూరు, నూటయాభై ల్యూమెన్లు ఇస్తుంది. లక్ష ల్యూమెన్లు రావాలంటే దాదాపు వెయ్యి వాట్లు కావాలి, అంటే ఇస్త్రీ పెట్టె తినేంత కరెంటు. అరచేతిలో పట్టే లైటులో ఉండే ఒక్క బ్యాటరీలోంచి అది రాదు. క్యాండెలా ఎంతో రాయని డబ్బాని తిరిగి ఇచ్చేయండి.

ముందు మీ స్థలం కొలవండి. గార్డు నిలబడే చోటు నుంచి వెనక గోడకి ఎన్ని మీటర్లో టేపు పట్టి చూడండి. 40 మీటర్లు అనుకుంటే 40ని 40తో హెచ్చవేసి, మళ్లీ పదితో (పైన చెప్పిన 10 లక్సులు) హెచ్చవేయండి, 16,000 వస్తుంది. బ్యాటరీ సగం అయ్యాక కూడా పని జరగాలి కాబట్టి 20,000 క్యాండెలా తీసుకోండి. 60 మీటర్లయితే 40,000. ల్యూమెన్లు 800 నుంచి 1,500 మధ్య ఉంటే చాలు. అంతకంటే సన్నగా, సూదిలా దూరం కొట్టేవి వద్దు. వాటితో ఒక ముఖం బాగా కనపడుతుంది, పక్కన నిలబడ్డ రెండోవాడు కనపడడు. మధ్యలో గట్టి వెలుగు, దాని చుట్టూ మెత్తగా పరుచుకునే వెలుగు, రెండూ ఉండాలి. కొట్లో గోడ మీద వేసి చూడండి, తెలిసిపోతుంది.

వెలుగు రంగు గురించి ఎవరూ చెప్పరు. చవక లైట్లన్నీ నీలంగా కొడతాయి, ఎందుకంటే అలా కొడితే ఎక్కువ ప్రకాశంగా ఉన్నట్టు అనిపిస్తుంది. వెలుగు రంగుని కెల్విన్లలో కొలుస్తారు; 5000 కెల్విన్ దగ్గర ఉన్నది, సీఆర్ఐ 90 అని రాసి ఉన్నది దొరికితే తీసుకోండి. సీఆర్ఐ అంటే రంగులు ఎంత నిజంగా కనపడతాయనే కొలత. మీ గేటు దగ్గర పసుపు సోడియం దీపాలు ఉంటే ఒక పని చేయండి. రాత్రి దాని కింద ఒక గుప్పెడు తేజ మిర్చి పట్టుకుని చూడండి. గోధుమ రంగులో ఉంటాయి. చొక్కా కూడా అంతే. పారిపోయినవాడిది ఎర్ర చొక్కా అని గార్డు చెబితే పోలీసులు ఎర్ర చొక్కానే వెతుకుతారు. చూసినవాడి కంట్లో రంగు తప్పితే ఫిర్యాదు మొత్తం తప్పిపోతుంది.

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. డిసెంబరు, జనవరిలో కృష్ణ కరకట్ట వెంబడి తెల్లవారుజామున మంచు కమ్ముతుంది. మీ దగ్గర మంచు లేకపోయినా టిక్కీలు దించే చోట గాలిలో మిర్చి దుమ్ము ఉంటుంది. గట్టి లైటు వేస్తే ఆ దుమ్మే వెలిగి తెల్లటి తెరలా కళ్లకి అడ్డం పడుతుంది. కల్లాల దగ్గర రైతులు పెట్టుకునే నుదుటి లైటు ఇలాంటప్పుడు అస్సలు పనికిరాదు, వెలుగు కంటి పక్కనుంచే పోయి కంట్లోకే తిరిగొస్తుంది. చేతి లైటుని నడుము ఎత్తులో, ఒంటికి దూరంగా పట్టుకుంటే ఆ తెర చాలావరకు పక్కకి పోతుంది. సున్నం కొట్టిన గోడకి దగ్గరగా ఉన్నప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి, లేకపోతే మన వెలుగే మన కళ్లు చెదరగొడుతుంది.

స్విచ్ వెనకవైపు ఉండాలి, నొక్కి పట్టుకున్నంతసేపే వెలగాలి. నొక్కినకొద్దీ తక్కువ, ఎక్కువ, మినుకుమినుకు అంటూ ఐదు రకాలుగా మారేవి కాపలాకి తేవొద్దు. కంగారులో వేలు రెండుసార్లు తగిలితే లైటు టపటపా కొట్టుకోవడం మొదలవుతుంది. ఆ కొట్టుకునే వెలుగులో ఎదుటివాడి చేతులు ముక్కలుముక్కలుగా కనపడతాయి, మెల్లగా కదిపినా గబుక్కున లాగినట్టుంటుంది.

బ్యాటరీ 18650 సైజుది గానీ, అంతకంటే కాస్త లావుగా ఉండే 21700 గానీ ఉన్నది చూడండి. సెల్ ఎంత చార్జి పట్టుకుంటుందో ఎంఏహెచ్‌లో రాస్తారు; 18650 సెల్ మీద 9,900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది నకిలీ. ఆ సైజులో అసలైనవి 3,500 చుట్టుపక్కలే ఆగిపోతాయి. సెల్ కాలిపోతే జరిగేది చిన్న ప్రమాదం కాదు, పైగా మీది గోనె సంచుల మధ్య ఉద్యోగం. రెండు లైట్లకి నాలుగు సెల్సు పెట్టుకుని, డ్యూటీ మారేటప్పుడు నిండినది వేసి వాడినది చార్జింగుకి పెట్టే అలవాటు చేయండి. మే నెలలో రేకుల క్యాబిన్లో పగలంతా లైటు వదిలేయకండి, ఆ వేడికి సెల్సు త్వరగా చచ్చిపోతాయి. లైటు పూర్తి వెలుగులో రెండు మూడు నిమిషాలు వెలిగాక తనంతట తానే తగ్గిపోతే పాడైందనుకోకండి, వేడెక్కి కాలిపోకుండా అలా తయారు చేస్తారు. నీళ్ల సంగతికి డబ్బా మీద ఐపీఎక్స్7 అనే గుర్తు ఉంటే చాలు, మీటరు లోతులో అరగంట ఆగుతుంది.

ఇక్కడిదాకా వచ్చాక ఒక్కటి మాత్రం గార్డులకి మీరే దగ్గరుండి నేర్పించండి. లైటు ముందు ముఖాన కొట్టొద్దు. ఆ మనిషి కాళ్ల ముందు నేల మీద వేసి, అక్కణ్నుంచి నడుము దాకా ఎత్తి చేతులు చూడాలి. చేతులు ఖాళీ అని తేలాక "అన్నా, ఎవరండీ? ఏ బండి?" అని మామూలు గొంతుతో అడగాలి. మనిషి జవాబిస్తూ ఉండగా ముఖం మీదికి ఒక్క క్షణం ఎత్తి దించేయాలి. ఆ రాత్రి ఇలా జరిగి ఉంటే ఆ రైతు చెయ్యి ఎత్తేవాడే కాదు, గార్డు భయపడేవాడూ కాదు. ముఖం కంటే ముందు చేతులు చూడమని చెప్పడానికి కారణం ఇదే.

ఫోను విషయం కూడా. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో రెండు రీల్సు చూస్తే ఆ అలవాటు చాలావరకు పోయి, మళ్లీ మొదటికొస్తుంది. క్యాబిన్ లోపల ట్యూబులైటు తీసేసి, గోడ మీద దీపాలు బయటికి తిరిగి ఉండేలా పెట్టించండి. కాపలా మనిషి చీకట్లో ఉండాలి, వచ్చేవాడు వెలుగులో ఉండాలి. ఇప్పుడు చాలాచోట్ల దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది.

డబ్బు కట్టే ముందు ఒక పరీక్ష పెట్టండి, గంట కూడా పట్టదు. తుపాకి తాళం వేసి లోపల పెట్టేయండి, ఆ గంటసేపు అది బయటికి రాకూడదు. మీ హమాలీల్లో ఒకాయన్ని నల్ల దుప్పటి కప్పించి వెనక గోడ దగ్గర నిలబెట్టండి. సెల్‌ఫోను, నీళ్ల సీసా, సుత్తి, చిన్న కర్ర, టిక్కీలు మోసే కొక్కెం ఇవ్వండి. ఆయన ప్రతిసారీ ఒకటి పట్టుకోవాలి, గార్డు మూడు సెకన్లు లైటు వేసి అదేంటో చెప్పాలి. పదిసార్లు ఆడించి ఎన్ని సరిగ్గా చెప్పాడో రాసుకోండి. ముందు పాత లైటుతో, తర్వాత కొత్తదానితో. పదిలో తొమ్మిది రాకపోతే పది అడుగులు ముందుకి జరిపి మళ్లీ ఆడించండి. ఎక్కడ తొమ్మిది వస్తాయో అక్కడ నేల మీద సున్నంతో గీత గీయించండి. ఆ గీత దాటి అవతల ఉన్న మనిషి గురించి "వాడి చేతిలో కత్తి ఉంది" అని గార్డు అంటే నమ్మొద్దు, లైటు వేసి మాట్లాడించమనండి. ఇద్దరు గార్డులకీ వేర్వేరు గీతలు రావచ్చు. పెద్దాయన గీత మరీ దగ్గరకి వస్తే ముందు కళ్లజోడు పరీక్ష చేయించండి, లైటు తర్వాత.

వెనక గోడ దూరం కొలిచి, అక్కడ ఇప్పుడున్న దీపాలు సోడియమా ఎల్ఈడీయా రాయండి. ఎన్ని క్యాండెలా సరిపోతాయో లెక్క వేసి చెబుతాను.